బరువు నిజం చెప్పండి: మంచుకొండల్లో ఇళ్ళు కొంటున్న తెలుగువారికి బహిరంగ లేఖ

మంచు మీద జారే స్కీ ఆటకు పేరున్న కొలరాడో కొండల ఊరు బ్రెకెన్‌రిడ్జ్‌కు సెలవులకు వచ్చే, ఇక్కడ ఇళ్ళు కొన్న, కొనాలని చూస్తున్న తెలుగువారికి,

నమస్కారం.

మీలో చాలామంది నన్ను చూసే ఉంటారు. నేల మీద మోకాలు ఆనించి మీ కాలికి బూటు బిగించిన మనిషి ముఖం గుర్తుండకపోవచ్చు గానీ, నా బ్యాడ్జీ మాత్రం కొందరికైనా గుర్తుండే ఉంటుంది. మా కొండ మీద పనిచేసేవాళ్ళ బ్యాడ్జీలో పేరు కింద సొంత ఊరి పేరు కూడా రాస్తారు. నా పేరు కింద ‘తణుకు’ అని ఉంటుంది. బూటు బిగించేటప్పుడు నేను తల వంచుకునే ఉంటాను కాబట్టి మీరు దాన్ని చదవడం నాకు కనిపించదు. ఒక్క క్షణం నిశ్శబ్దం మాత్రం వినిపిస్తుంది. ఆ తరవాత ‘మీరు తెలుగువారా?’ అన్న మాట. అది విన్నప్పుడు నాకు ఇప్పటికీ సంతోషమే, అబద్ధం చెప్పను.

దాని వెనకే మూడు ప్రశ్నలు వస్తాయి. ఇక్కడికి ఎలా వచ్చారు? ఇంత చదువుకుని ఈ పని ఎందుకు చేస్తున్నారు? (నేను ఎంత చదువుకున్నానో ఎవరూ అడగరు, ఊహించుకుంటారు.) ఇక్కడ ఒక ఇల్లు కొని రోజువారీ అద్దెకు ఇస్తే గిట్టుబాటు అవుతుందా? మొదటి రెండింటికీ ఇరవై సీజన్లుగా నవ్వుతూ జవాబు చెబుతున్నాను. మూడోదానికి దుకాణంలో, వెనక క్యూ పెరిగిపోతుండగా, సరిగా చెప్పలేకపోయాను. అందుకే ఈ ఉత్తరం.

1999లో డెన్వర్ వచ్చాను. మా ఆయనది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, నాకు పనిచేసే అనుమతి లేని వీసా. గ్రీన్ కార్డు వచ్చేసరికి ఆయన దారి ఒకటి, నా దారి ఒకటి అయ్యాయి. ఆ కథ ఈ ఉత్తరానికి అక్కర్లేదు. 2005 నవంబరులో ఒక సూట్‌కేసు, ఒక ప్రెషర్ కుక్కరు పట్టుకుని ఈ కొండెక్కాను. ఒక్క సీజన్ పనిచేసి, నాలుగు డబ్బులు వెనకేసుకుని, డెన్వర్‌కు తిరిగి వెళ్ళి ఏదైనా కోర్సు చేద్దామనుకున్నాను. ఇక్కడ నెరిసిన జుట్టుతో కనిపించే ప్రతి మనిషినీ అడిగి చూడండి. అందరూ ఒక్క సీజన్‌కే వచ్చినవాళ్ళు.

మొదట నాకిచ్చిన పని లిఫ్టు దగ్గర. మనకు లిఫ్టంటే మేడలెక్కించే పెట్టె. ఇక్కడ లిఫ్టంటే కొండ కిందనుంచి పైదాకా స్తంభాల మీదుగా ఆగకుండా తిరిగే ఇనుప మోకు, దానికి వేలాడే కుర్చీలు. పాత రకం లిఫ్టుల్లో కుర్చీ మోకుకే బిగించి ఉంటుంది. జనాన్ని చూసి అది నెమ్మదించదు. వస్తున్న కుర్చీని మనమే చేత్తో పట్టి, వెనక్కి ఆపి, ఎక్కేవాళ్ళ పిక్కలకు దెబ్బ తగలకుండా వదలాలి. రోజుకు కొన్ని వేల కుర్చీలు. కొత్త రకంలో స్టేషన్‌లోకి రాగానే కుర్చీ మోకును వదిలేసి నడకలోకి వస్తుంది, జనం ఎక్కాక మళ్ళీ మోకును కరుచుకుని పరిగెడుతుంది. నలుగురు కూర్చునే అలాంటి లిఫ్టును ప్రపంచంలో మొట్టమొదట పెట్టింది మా కొండ మీదే, 1981లో. క్విక్‌సిల్వర్ అని పేరు. ఈ సంగతి చెప్పేటప్పుడు దాన్ని నేనే కనిపెట్టినట్టు నా గొంతు మారుతుందని మా వాళ్ళు ఎగతాళి చేస్తారు.

మా అమ్మకు ఈ పని ఫోనులో ఎంత వివరించినా అర్థం కాలేదు. చివరికి ఒకరోజు, ‘అంటే తీర్థంలో రంగులరాట్నం దగ్గర నిలబడి పిల్లల్ని ఎక్కించి దింపుతావు, అంతేనా?’ అంది. నేను అయిదు నిమిషాలు వాదించి, ఫోను పెట్టేశాక ఆలోచిస్తే, అంతే.

కాకపోతే ఆ రంగులరాట్నం చలి వేరు. తెల్లవారక ముందే పని మొదలవుతుంది. మంచును చదును చేసే బండ్లు రాత్రంతా కొండ మీద తిరిగి అప్పుడే దిగుతుంటాయి. ఎగువన గస్తీ దళం వాళ్ళు మందుగుండు పేల్చి, జనం వచ్చేలోపే మంచుచరియలను కావాలని దించేస్తుంటారు. ఆ చప్పుడు గుండెలో తగులుతుంది. మేము పారలతో ఎక్కే చోటునూ దిగే చోటునూ చదును చేస్తాం. కుర్చీల మీద రాత్రి పడిన మంచు దులుపుతాం. కనురెప్పల వెంట్రుకలు ఒకదానికొకటి అంటుకుంటాయి. నేను వచ్చిన ఏడాదే ఇంపీరియల్ లిఫ్టు మొదలైంది. అది చేర్చే చోటు 12,840 అడుగుల ఎత్తు, ఉత్తర అమెరికాలో కుర్చీల లిఫ్టు ఏదీ అంతకంటే పైకి వెళ్ళదు. అక్కడ గాలి బరువు సముద్రతీరంలో ఉండేదానిలో మూడింట రెండు వంతులకన్నా తక్కువ. గోదావరి కాలువ గట్టున పుట్టినదాన్ని, ఆ పైన గదిలో హీటరు ముందు కూర్చుని డబ్బాలోంచి నిమ్మకాయ పులిహోర తిన్నాను. గాలి పెరిగితే లిఫ్టు ఆపేస్తారు. అప్పుడు పైన ఉన్న మాకు మంచు తప్ప తోడుండదు. అలాంటి రోజులు నాకు ఇష్టంగా ఉండేవి. ఎందుకో అడగకండి.

ఒక సంగతి చెప్పి ముందుకు వెళతాను. చూపు లేనివాళ్ళకు, కాళ్ళు చేతులు సహకరించనివాళ్ళకు స్కీ నేర్పే సంస్థ ఒకటి మా ఊళ్ళో 1976 నుంచి ఉంది. రెండో ఏడు, చూపు లేని ఒకావిడ సాయం మనిషితో కలిసి నా లిఫ్టు దగ్గరికి వచ్చింది. నేను వెంటనే వేగం తగ్గించబోయాను. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టి, ‘తగ్గించకు. కుర్చీ ఎప్పుడు వస్తుందో చెప్పు, చాలు’ అంది. మూడు, రెండు, ఒకటి అని లెక్కపెట్టాను. కూర్చుని వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం డెన్వర్‌లో కోర్సు సంగతి నేను మరిచిపోయాను. మళ్ళీ గుర్తు రాలేదు.

వంట గురించి కూడా రాయాలి, ఎందుకంటే మీలో చాలామంది మొదటి రోజు రాత్రే ఓడిపోయేది అక్కడ. ఊరే 9,600 అడుగుల ఎత్తులో ఉంది. ఇక్కడ నీళ్ళు సుమారు 90 డిగ్రీలకే మరిగిపోతాయి. మరుగుతున్నాయి కదా అని గిన్నెలో కందిపప్పు వేస్తే, రాత్రి పదకొండుకు కూడా పప్పు పప్పుగానే ఉంటుంది. కుక్కరు తెచ్చుకోండి. నా కుక్కరు మొదటి కూత వేసినప్పుడు ఉద్యోగుల వసతిలో నాతోపాటు ఉన్న పెరూ అమ్మాయిలు ఇద్దరు తలుపు తీసుకుని బయటికి పరుగెత్తారు. ఆ వారంలోనే తాలింపులో ఎండుమిరపకాయలు మాడి పొగ అలారం మోగింది, అగ్నిమాపక బండి కూడా వచ్చింది. ఆ తరవాత మేం ముగ్గురం ఒకే గిన్నెలో అన్నం తిన్నాం. పెరూలో, అర్జెంటీనాలో అప్పుడు వేసవి సెలవులు. అక్కడి కాలేజీ పిల్లలు ఇక్కడ చలికాలమంతా పనిచేసి వెళతారు. నాలాంటివాళ్ళం ఏడాది పొడుగునా ఉంటాం. కొండ నడిచేది ఈ రెండు రకాల మనుషులతోనే.

లిఫ్టు గది మెట్ల మీద కాలు జారి 2016లో నా మోకాలు పోయింది. అక్కడ ‘జాగ్రత్త, జారును’ అని నేనే రాసి అంటించిన కాగితం ఉంది. దాని పక్కనే పడ్డాను. అప్పటినుంచి స్కీలు అద్దెకిచ్చే దుకాణంలో ఉన్నాను. మీరు నన్ను చూస్తున్నది అక్కడే.

ఆ దుకాణంలో మిమ్మల్ని నేను అడిగేవి అయిదు: ఎత్తు, బరువు, వయసు, బూటు అడుగు పొడవు, ఎంత దూకుడుగా జారతారన్నది. వీటిని పట్టికలో చూసి, బూటును స్కీకి పట్టి ఉంచే బిగింపును స్క్రూడ్రైవరుతో సరిచేస్తాను. మీరు పడినప్పుడు స్కీ ఊడిపోవాలి. ఊడకపోతే మోకాలి లోపలి లిగమెంటు తెగుతుంది. మరీ వదులుగా ఉంటే పడకుండానే ఊడిపోయి పడేస్తుంది. అంతా ఆ చిన్న మర మీద ఉంది. మరి మీరేం చేస్తారు? బరువు అబద్ధం చెబుతారు. మగవాళ్ళు పెళ్ళినాటి బరువు చెబుతారు. ఆడవాళ్ళు పక్కన అత్తగారు ఉంటే ఒక సంఖ్య, లేకుంటే ఒక సంఖ్య చెబుతారు. కొందరు కిలోలు చెప్పి పౌండ్లు అనుకోనిస్తారు. యాభై దాటినవాళ్ళకు పట్టికలో ఒక గడి మార్చి బిగింపు తగ్గించాలి, కానీ మనవాళ్ళలో యాభై దాటినవాళ్ళు నాకు ఇంతవరకు తగల్లేదు. రెండు జతల మందపాటి సాక్సులు వేసుకొస్తారు, ఒక్క జత పలచటివి చాలు. జీన్సు ప్యాంటుతో వస్తారు. తడిసి గడ్డకట్టాక ఆ ప్యాంటు తనంతట తానే నిలబడుతుంది.

వీటికి నాకు కోపం లేదు. నవ్వుకుంటాను. మా నాన్న కూడా డాక్టరు దగ్గర రోజుకు ఒక్క చుట్టే అని చెప్పేవాడు.

ఇక ఇంటి సంగతి.

2010 నుంచి 2021 దాకా నేను ఊళ్ళోనే ఒక ఒంటిగది ఫ్లాట్‌లో అద్దెకు ఉన్నాను. బాల్కనీలోంచి కొండ కనిపించేది. ఉచిత బస్సు ఆగేచోటు నాలుగు అడుగుల్లో. యజమాని పెద్దాయన, మంచివాడు. చలికాలం మధ్యలో అద్దె పెంచడం పాపం అనేవాడు. కరోనా తరవాత ఎక్కడినుంచైనా పనిచేయొచ్చని తెలిశాక ఈ కొండల్లో ఇళ్ళ ధరలు ఎగిరిపోయాయి. ఆయనకు వయసు మీద పడింది, పిల్లలు అమ్మేయమన్నారు. అరవై రోజుల గడువు ఇచ్చారు. చట్టప్రకారం తప్పేమీ లేదు. ఊళ్ళో నా జీతానికి అందే గది ఒక్కటీ దొరకలేదు. హూజియర్ కనుమ దాటి అవతల ఉన్న ఫెయిర్‌ప్లేకు మారాను. అప్పటినుంచి రోజూ 11,542 అడుగుల ఆ కనుమ ఎక్కి దిగి పనికి వస్తున్నాను. మంచు తుపానులో ఆ దారి మూసేస్తే చుట్టూ తిరిగి రావడానికి పూట గడిచిపోతుంది. అలాంటి రోజు మీరు క్యూలో గంట నిలబడి ‘పనివాళ్ళే లేరు ఇక్కడ’ అని విసుక్కుంటారు. ఉన్నాం. కనుమ అవతల కారులో కూర్చుని దారి తెరుస్తారేమోనని చూస్తున్నాం.

మూడేళ్ళ కిందట క్రిస్మస్ వారంలో టెక్సాస్‌లోని ఫ్రిస్కో నుంచి ఒక కుటుంబం వచ్చింది. మా పక్క ఊరి పేరు కూడా ఫ్రిస్కోనే కాబట్టి ‘ఫ్రిస్కో నుంచి ఫ్రిస్కోకు వచ్చాం’ అని నవ్వించారు. ఆ ఇంటాయన సరదా మనిషి. బూటు బిగిస్తుంటే కొత్తగా ఇల్లు కొన్నామని ఫోనులో ఫోటోలు చూపించారు. మొదటి ఫోటోలో బాల్కనీ. రెండోదాంట్లో వంటింటి గోడ. పొయ్యి పక్కన, తెల్ల పలక మీద, అరచెయ్యంత పసుపు మరక. పదకొండేళ్ళు తోమినా నాకు వదలని మరక అది. ‘మాకంటే ముందు ఇండియన్లే ఎవరో ఉన్నట్టున్నారండీ, వంటిల్లు అంతా పాడుచేశారు. మొత్తం తీసేసి కొత్తది పెట్టించాం. ఇప్పుడు రోజుల లెక్కన అద్దెకు ఇస్తున్నాం, బాగుంది’ అన్నారు.

నేనేమీ అనలేదు. ‘మీ బరువు ఎంతండీ?’ అన్నాను. నూట డెబ్బై పౌండ్లన్నారు. పెన్ను పక్కన పెట్టి, ఆయన ముఖంలోకి చూసి, ‘నిజం చెప్పండి’ అన్నాను. ఆయన భార్య నవ్వింది. ఆయన కొంచెం ఆగి, నూట తొంభై అన్నారు. పట్టికలో గడి మార్చాను.

ఆయన మీద నాకు కోపం లేదు. ఆయన నా ఇల్లు లాక్కోలేదు, అమ్మకానికి ఉన్న ఇల్లు కొన్నారు. ఈ ఉత్తరం ఆయన కంటపడితే నొచ్చుకుంటారేమో. క్షమించాలి. కానీ ఆ రాత్రి కనుమ దాటుతుంటే ఒక ఆలోచన వచ్చింది, ఇప్పటికీ వదలలేదు.

తణుకు చుట్టుపక్కల పల్లెల్లో మీరు చూసే ఉంటారు. రెండంతస్తుల మేడ, గ్రానైటు మెట్లు, గేటుకు తాళం. పిల్లలు అమెరికాలో ఉంటారు. పెద్దవాళ్ళు పోయారు. వారానికోసారి ఎవరో వచ్చి మొక్కలకు నీళ్ళు పోసి వెళతారు. సంక్రాంతికి రెండు రోజులు లైట్లు వెలుగుతాయి. ఆ వీధిలో చిల్లర కొట్టు మూతపడుతుంది, బడిలో పిల్లలు తగ్గుతారు. మనం దాన్ని చూసి ‘ఊరు పాడుబడింది’ అని బాధపడతాం, పాటలు కట్టుకుంటాం. సరిగ్గా అలాంటి వీధినే మనం ఇక్కడ ఇంకొకళ్ళ ఊళ్ళో కడుతున్నాం. అక్టోబరులో సాయంత్రం ఆరున్నరకు నా పాత భవనం ముందు నిలబడి చూశాను. మూడు అంతస్తుల్లో వెలుగుతున్న కిటికీలు రెండే.

వేసవిలో నేను అద్దె ఇళ్ళు శుభ్రం చేస్తాను. లిఫ్టులు ఆగితే జీతం ఆగుతుంది, అందుకని. ప్రతి ఇంట్లో యజమాని సొంత సామాను పెట్టుకునే తాళం అల్మరా ఒకటి ఉంటుంది. ఒకసారి తాళం వేయడం మరిచిపోయిన అల్మరాలో వేంకటేశ్వరస్వామి పటం, అగరొత్తుల పెట్టె, ఆవకాయ సీసా కనిపించాయి. పటం మీద దుమ్ము తుడిచి మళ్ళీ పెట్టాను. ఆ దేవుడి కొండ మీద పనిచేసేవాళ్ళలో చాలామంది కూడా కింద తిరుపతినుంచి రోజూ బస్సెక్కి వెళ్ళేవాళ్ళే. అయితే ఆ కొండ దేవుడిది. ఈ కొండ ఎవరిదని అడిగితే నా దగ్గర జవాబు లేదు. మొదట యూట్ తెగవాళ్ళది. 1859లో బంగారం దొరికిందని జనం విరుచుకుపడ్డారు. తరవాత పడవల్లాంటి పెద్ద యంత్రాలు పెట్టి నది అడుగును తిరగేసి బంగారం ఏరుకున్నారు. 1942లో ఆ పని ఆగింది. అవి కక్కిన గుండ్రాళ్ళ గుట్టలు బ్లూ నది ఒడ్డున ఇప్పటికీ ఉన్నాయి, మీరు వాటి పక్కనుంచే కారులో వస్తారు. 1960 జనాభా లెక్కల్లో ఈ ఊళ్ళో మిగిలింది 393 మంది. మరుసటి ఏడు డిసెంబరులో కాన్సాస్‌లోని విచిటా నుంచి వచ్చిన ఒక కలప వ్యాపార సంస్థ ఇక్కడ స్కీ కొండ తెరిచింది. ఊరు బతికింది. పరాయివాళ్ళ డబ్బుతోనే బతికింది. నేనూ పరాయిదాన్నే. అందుకని మిమ్మల్ని రావద్దు, కొనొద్దు అనే హక్కు నాకు లేదు, ఆ ఉద్దేశమూ లేదు.

2020 లెక్కల ప్రకారం ఊరి జనాభా అయిదు వేల పైచిలుకు. ఇక్కడి ఇళ్ళలో సగానికి పైగా ఏడాది పొడుగునా కాపురం ఉండేవాళ్ళవి కావు. 2021లో ఊరి కౌన్సిల్, కొన్ని పెద్ద హోటలు తరహా భవనాలను మినహాయించి, రోజువారీ అద్దె లైసెన్సులకు 2,200 అని హద్దు పెట్టింది. ఆ హద్దు గురించి మీలో కొందరు దుకాణంలో నా ముందే తిట్టుకున్నారు. ‘మా ఇల్లు, మా డబ్బు, మీకెందుకు?’ అన్నారు ఒకాయన, నన్ను కాదులెండి, ఫోనులో ఎవరినో. ఆయన కొడుకు బూటు నేను బిగిస్తున్నాను. ఆ బిగింపు ఎంతలో ఉండాలో తెలిసిన మనిషి ఆ రాత్రి ఎక్కడ నిద్రపోతుందన్నది ఆయనకెందుకో నేను చెప్పగలిగేదాన్ని. పిల్లవాడి ముందు బాగుండదని ఊరుకున్నాను.

కాబట్టి నేనడిగేది ఇది. ఇల్లు కొన్నారు, మంచిది. దాన్ని రాత్రుల లెక్కన కాకుండా ఏడాది లెక్కన, ఈ లోయలో పనిచేసే మనిషికి అద్దెకు ఇవ్వండి. డబ్బు తక్కువ వస్తుంది. ఎక్కువ వస్తుందని చెప్పి మిమ్మల్ని మభ్యపెట్టను. క్రిస్మస్ వారంలో ఒక్క రాత్రికి వచ్చేది చూస్తే నా అద్దె మీకు చిల్లరలా కనిపిస్తుంది. కానీ శుభ్రం చేసేవాళ్ళకూ, నిర్వహణ సంస్థకూ, పగిలిన గాజుకూ, ఖాళీగా ఉన్న బురద కాలానికీ లెక్క వేసి చూడండి. మంచు కరిగే ఏప్రిల్, మే నెలల్ని ఇక్కడ అలాగే అంటారు. లెక్కలు నాకంటే మీకే బాగా వచ్చు. ఇంకొక దారి కూడా ఉంది. ఆ ఇంట్లో ఇక్కడ వారానికి కనీసం ముప్పై గంటలు పనిచేసేవాళ్ళే ఉండాలని దస్తావేజులో షరతు రాయించుకుని, అందుకు ప్రతిఫలంగా యజమానికి డబ్బిచ్చే పథకం ఈ ఊరికి ఉంది. కొన్నేళ్ళ కిందట కౌంటీ కూడా, రోజువారీ అద్దె మానుకుని స్థానికులకు ఇచ్చిన యజమానులకు ప్రోత్సాహకం చెల్లించింది. కొనేముందు బ్రోకరును అద్దె ఆదాయం ఒక్కటే కాక ఈ సంగతి కూడా అడగండి. వాళ్ళంతట వాళ్ళు చెప్పరు.

‘పనివాళ్ళు ఇల్లు పాడుచేస్తే?’ అని అడుగుతారని తెలుసు. పసుపు మరకలు పడవచ్చు. దానికి నాది పూచీ కాదు.

తెలుగు సంఘాల పెద్దలకు కూడా ఒక మాట. మీరు ఇక్కడికి బస్సుల్లో కుటుంబాలను తీసుకొస్తారు, యాభై గదులు ఒకేసారి తీసుకుంటారు, రాత్రి అంత్యాక్షరి పెడతారు. పాటలు మా దుకాణం దాకా వినిపిస్తాయి, బాగుంటాయి. వచ్చే ఏడు ఒక పూట మీ కార్యక్రమంలోంచి తీసి, ఊరి కౌన్సిల్ సమావేశం ఉన్న రోజైతే వెళ్ళి వెనక వరసలో కూర్చోండి. ఇళ్ళ గురించి ఈ ఊరు ఎంత తన్నుకులాడుతోందో తెలుస్తుంది. లేదా డిసెంబరులో ఉల్ర్ పండుగకు రండి. ఉల్ర్ అంటే ఉత్తర ఐరోపావాళ్ళ పాతకాలపు మంచుదేవుడు. 1963 నుంచి జనం కొమ్ముల టోపీలు పెట్టుకుని మంచు కురిపించమని ఊరేగుతారు. మన పల్లెల్లో వానలకోసం కప్పలకు పెళ్ళి చేయడం చూసినవాళ్ళకు ఏ తేడా తెలియదు. ఆ ఊరేగింపులో నడిచేవాళ్ళలో లిఫ్టు మెకానిక్కులు, గస్తీవాళ్ళు, బస్సు డ్రైవర్లు, వంటవాళ్ళు ఉంటారు. పండుగ అయ్యాక వాళ్ళలో ఎంతమంది కార్లు ఊరి బయటికి, కనుమ వైపు, ఫ్రీవే వైపు తిరుగుతాయో ఒక్కసారి గమనించండి.

ప్రస్తుతానికి నాకు తెలిసిన అవసరం ఒకటుంది. మా లిఫ్టు మెకానిక్కుల్లో ఒకతను ఉన్నాడు, అతని భార్య పక్కనే బేకరీలో పనిచేస్తుంది. వాళ్ళు ఇప్పుడు ఒక స్నేహితుడి నేలమాళిగలో ఉంటున్నారు. జూన్‌లో బిడ్డ పుడుతుంది. మే ఒకటి నుంచి ఒంటిగది ఇల్లు ఏదైనా చాలు, ఏడాది ఒప్పందానికి సిద్ధం. అతను రాత్రిళ్ళు స్తంభాలెక్కి మీరు ఎక్కే మోకును పట్టి చూసే మనిషి. నా ఫోను నంబరు ఇక్కడ రాయను. దుకాణానికి వచ్చి తణుకు బ్యాడ్జీ ఆవిడ కావాలని అడగండి. మంగళవారం, బుధవారం నాకు సెలవు.

వచ్చేటప్పుడు పలచటి సాక్సులు ఒక్క జత వేసుకురండి. బరువు పౌండ్లలో చెప్పండి.

ఇట్లు,
తణుకు బ్యాడ్జీ ఆవిడ,
ఫెయిర్‌ప్లే, కొలరాడో